పై ఊర్ల వాన పడితే కింద ఊరికి చెప్పేదెవరు?

ఒర్రెగడ్డ_రైతు · 2025 జూన్ 9

మాది మానుకోట జిల్లా. ఆకేరుల కలిసే చిన్న వాగు ఒడ్డున ఊరు. మ్యాపుల దానికి పేరు గూడ లేదు, మేం పెద్దొర్రె అంటం. ఎండకాలం పోరగాళ్లు అండ్ల క్రికెట్ ఆడుతరు. నిరుడు ఆగస్టు 31 రాత్రి పది గంటలకు పోయి చూసొచ్చిన, మోకాలి లోతుంది. పదకొండుకు వాన తెరిపిచ్చింది, నిమ్మళంగ పండుకున్నం. రెండున్నరకు బర్రెలు అరుస్తున్నయని లేస్తే మంచం కింద నీళ్లు, చెప్పులు తేలుతున్నయి. మా మీద వాన లేదు. నీళ్లన్నీ పై నుంచి వచ్చినయి.

పలుపు తాడు తడిసి బిగుసుకపోయింది. ముడి విప్పరాలేదు. చీకట్ల కొడవలి దొరకలేదు. రెండు బర్రెలు కట్టేసిన కాడనే పోయినయి. ఆ ముడి ఇప్పటికీ వేళ్లకు తెలుస్తది నాకు.

మెసేజ్ రాలేదా అంటే వచ్చింది. "జిల్లాలో అతి భారీ వర్షాలు, అప్రమత్తంగా ఉండండి" అని. ఆ వానకాలమంత గసొంటియి చానా వచ్చినయి. జిల్లా అంటే ఏ వాగు? అప్రమత్తం అంటే ఏం చెయ్యాలె, కూసోవాల్నా, లేవాల్నా? మల్ల వానకాలం వచ్చింది. చిన్న వాగులకు హెచ్చరిక అనేదే ఉండదా? మీ ఊర్లల్ల ఎవరన్న ఏమన్న పెట్టుకున్నరా?

కాల్వొడ్డు_బిడ్డ

మాది ఖమ్మం. మున్నేరుకు మా దగ్గర నీళ్ల ఎత్తు కొలిచే గేజీ ఉంది అన్నా. 16 అడుగులకు మొదటి హెచ్చరిక, 24కు రెండోది. సెప్టెంబర్ 1న 36 అడుగులొచ్చింది. అంకెలు ఫోన్ల చూసుకుంటనే మునిగినం. ఎందుకంటే 36 అంటే మా గల్లీల ఎంత లోతో ఎవరికీ తెల్వదు. 2023 జులైల 30 దాటినప్పుడు మా ఇంటి మెట్ల దాక వచ్చింది. ఆ లెక్కన 36 అంటే ఇంట్ల నడుము దాక అని మేమే అనుకోవాల్సింది, అనుకోలే. గేజీ ఒక్కటుంటే సరిపోదు, ఆ అంకెకు మన గడప కాడ ఏమైతదో రాసిపెట్టుకోవాలె.

సూటిగా_చెప్తా

ఇది సర్కారు పని. ప్రతి వాగుకు సైరన్ పెట్టాలి. మనం ఎందుకు తలలు బద్దలు కొట్టుకోవాలి?

రిటైర్డ్_ఏఈ

చిన్న నీటిపారుదల శాఖలో ఇంజినీరుగా 32 ఏళ్లు చేశాను. కాస్త పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

కేంద్ర జల సంఘం వరద అంచనాలు గోదావరి, కృష్ణ లాంటి పెద్ద నదులకు ఉంటాయి. భద్రాచలంలో 43, 48, 53 అడుగులకు మూడు హెచ్చరికలు అందరికీ తెలిసినవే. 2022 జులైలో అక్కడ 71.3 అడుగులు వచ్చింది. ఎగువ బ్యారేజీల నుంచి ఎంత వస్తోందో తెలుసు కాబట్టి జనాన్ని ముందే కదిలించే వ్యవధి దొరికింది. చిన్న వాగుకి ఆ వ్యవధే ఉండదు.

మీ ఊరికి పైన వాగు పరీవాహకం, అంటే వాన నీళ్లు వాగులోకి వచ్చి చేరే నేల, 60 చదరపు కిలోమీటర్లు అనుకుందాం. దాని మీద 20 సెంటీమీటర్ల వాన కురిస్తే కోటీ 20 లక్షల ఘనపు మీటర్ల నీరు. సగం ఇంకిపోయిందన్నా 60 లక్షలు మిగిలాయి. అది 6 గంటల్లో దిగితే సగటున దాదాపు 10 వేల క్యూసెక్కులు. మీ చప్టా (వాగు మీద ఎత్తు లేకుండా వేసిన రోడ్డు) కింద మీటరు వెడల్పు గూన పైపులు నాలుగు ఉంటాయేమో. వాటిలో పట్టేది 300 క్యూసెక్కులకు అటూ ఇటూ. మిగతాది ఎటు పోతుంది? మీ మంచం కిందకే.

ఇంకొకటి. జూన్‌లో 10 సెంటీమీటర్లు పడితే నేల తాగేస్తుంది, కుంటలు పట్టుకుంటాయి. అదే వాన ఆగస్టు చివర్లో పడితే నేల నానిపోయి, చెరువులన్నీ మత్తడి (నిండిన నీళ్లు పొర్లిపోయే అలుగు) అంచున ఉంటాయి, పడింది పడినట్టు వాగులోకి వస్తుంది. కాబట్టి ఎంత వాన అన్నది ఒక్కటే చూడకండి, పై చెరువుల్లో ఎంత ఖాళీ ఉందో కూడా చూడండి.

మోరంచ_తీరం

ఏఈ సారు చెప్పింది నూటికి నూరు పాళ్లు. మాది భూపాలపల్లి దిక్కు. 2023 జులై 27 పొద్దుగాల మోరంచపల్లి మునిగినప్పుడు చుట్టాలింట్ల ఉన్న. ఆ 24 గంటల్ల ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల దాదాపు 65 సెంటీమీటర్ల వాన, మా చిట్యాలల 61. జనం మిద్దెలెక్కిన్రు, చెట్లెక్కిన్రు. ఆఖరికి హెలికాప్టర్లు రావాల్సొచ్చింది. మేం మిద్దె మీద తాటిపత్రి కప్పుకొని ఉన్నం. పక్కింటి అవ్వ సద్దిమూట పట్టుకొనే ఎక్కింది, అదే పదిమందిమి పంచుకొని తిన్నం. ఆమెను అందరం ఇప్పటికీ అన్నపూర్ణ అనే పిలుస్తం.

సింగ్‌నగర్_3వలైను

చిన్న వాగు అని తీసిపారేయకూడదండీ. మా విజయవాడ బుడమేరూ వాగే. మైలవరం కొండల్లో పుట్టి కొల్లేట్లో కలుస్తుంది. మామూలు రోజుల్లో గుర్రపుడెక్క తప్ప నీళ్లు కనపడవు. 2024 సెప్టెంబర్ 1న గండ్లు పడి వచ్చిన నీళ్లు మా ఇంట్లో తొమ్మిది రోజులున్నాయి. కృష్ణలో ఆ సమయంలోనే ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల 43 వేల క్యూసెక్కులు. ఊరంతా కృష్ణ వైపే చూస్తోంది. నీళ్లు వెనకనుంచి వచ్చాయి.

నీరటి_మనవడు

మా తాత ఊరి చెరువుకు నీరటి, అంటే చెరువు నీళ్లు చూసుకునేటోడు. వానకాలం రాత్రిళ్లు ఇంట్ల పండుకునేటోడు కాదు, గొంగడి కప్పుకొని, లాంతరు పట్టుకొని కట్ట మీదనే. మత్తడి రాయి మీద మూడు గాట్లు ఉండేవట. నీళ్లు రెండో గాటు తాకితే కింద ఊరికి మనిషిని పంపేది. మూడోది తాకితే డప్పు. కింద ఊరోళ్లు డప్పు విని పశువుల పలుపులు విప్పి వదిలేటోళ్లు. ఏ సైరన్ లేదు, ఏ యాప్ లేదు.

కాకతీయుల కాలం నుంచి మన చెరువులు గొలుసు. పై చెరువు మత్తడి దూకితే కింది చెరువు నిండుతది. అట్లనే పైది తెగితే కిందిది తెగుతది. కాబట్టి కబురు గూడ గొలుసుగనే పోవాలె. నీరట్లు పోయిన్రు, గొలుసు తెగింది.

సూటిగా_చెప్తా

తాతల ముచ్చట బాగుంది కానీ ఇప్పుడు రాత్రంతా కట్ట మీద ఎవరు కూర్చుంటారు? జీతం ఎవరిస్తారు?

ఇంజినీరింగ్_పోరడు

సెన్సర్ పెట్టొచ్చు కదా. బ్రిడ్జి కింద నీటి ఎత్తు కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సర్, సిమ్ కార్డు, చిన్న సోలార్ ప్లేటు. మట్టం దాటితే 50 ఫోన్లకు కాల్ పోతుంది. మా కాలేజీ ప్రాజెక్టుకు చేశాం, వేలల్లో అయిపోతుంది, లక్షలు అక్కర్లేదు.

రిటైర్డ్_ఏఈ

తమ్ముడూ, ఆలోచన మంచిదే, చెయ్యండి. కానీ దాన్నే నమ్ముకోవద్దు. పిడుగు పడితే పోతుంది, సాలీడు గూడు కట్టినా తప్పు చెబుతుంది, కొట్టుకొచ్చిన తుమ్మ మొద్దు తగిలితే మొత్తమే పోతుంది. నెలకోసారి ఎవరో ఎక్కి తుడవాలి. తుడిచే మనిషి పేరు రాసిన తర్వాతే సెన్సర్ కొనండి.

కాల్వొడ్డు_బిడ్డ

ఆ రాత్రి మాకు కరెంటు పోయింది, గంటకు టవర్ గూడ పోయింది. సిమ్ కార్డు ఏం జేస్తది?

ఇంజినీరింగ్_పోరడు

అందుకే టవర్ పోకముందే మోగాలి. నీళ్లు ఊర్లోకి వచ్చాక కాదు, పై ఊరి మత్తడి దగ్గరే మోగాలి.

డిపో_డ్రైవర్

ఇరవై రెండేండ్లు బస్సు నడిపిన, అన్నీ చప్టాల రూట్లే. మా గురువు నేర్పింది ఒక్కటే: అంచు రాళ్లు కనపడకపోతే బండి దిగు, ఎక్కకు. నీళ్ల కింద రోడ్డు ఉందో కొట్టుకపోయిందో పైనుంచి తెల్వదు. రాళ్లు కనపడుతున్నా నీళ్ల రంగు చూడు. తేట నీళ్లు ఒక్కసారిగ ఎర్రగ మారి, నురుగు, పుల్లలు, ఎండుటాకులు కట్టలు కట్టలు వస్తే వెనక పెద్దది వస్తున్నట్టే. ఇంకో పావుగంట ఉంటదో లేదో. కింద రాళ్లు దొర్లుతున్న చప్పుడు వింటే ఇగ నిలబడొద్దు.

ప్యాసింజర్లు తిట్టిన రోజులున్నయి. "ఆ బస్సోడు పోయిండు, నువ్వు పోవా" అని. నిరుడు పురుషోత్తమాయగూడెం బ్రిడ్జి కాడ ఆకేరుల కారు పోయినంక ఎవరూ తిట్టుత లేరు. కారుకు అడుగు లోతు పారే నీళ్లు చాలు, తేలి పక్కకు పోతది. రెండడుగులైతే పెద్ద బండ్లే ఆగవు.

ఆస్టిన్_సుధ

నేను టెక్సాస్‌లో ఉంటాను, పుట్టింది సూర్యాపేట. ఇక్కడ పల్లె రోడ్లలో మన చప్టాల్లాంటివే చాలా ఉన్నాయి. చాలా వాటి పక్కన అడుగులు గీసిన స్తంభం పాతుతారు. నీళ్లు ఒకటి మీద ఉన్నాయా, మూడు మీద ఉన్నాయా అని దూరం నుంచే కనిపిస్తుంది. "వెనక్కి తిరుగు, మునిగిపోకు" అనే మాట పిల్లలకు కూడా నేర్పుతారు. ఆ స్తంభం మన ఊళ్లో పెట్టడానికి సిమెంటు, పెయింటు తప్ప ఏం కావాలి?

సంఘం_లీడర్

ఇన్ని ముచ్చట్లల్ల ఆడోళ్ల సంగతి ఒక్కలు రాయలే. మా ఊర్ల మెసేజ్‌లు వచ్చేది మొగోళ్ల ఫోన్లకు. వాళ్లు పొలం కాడ వాగులకెల్లి మోటర్ పైకి గుంజుతుంటరు, లేకపోతే ఫోన్ చార్జింగ్ అయిపోయి ఉంటది. ఇంట్ల ముసలమ్మ, చంటిపిల్ల తల్లి ఉంటరు. నిరుడు మేం బడి కాడికి పోతే తాళం. తాళం చెవి సారు దగ్గర, సారు టౌన్ల. వానల గంటన్నర నిలబడ్డం, నా చేతుల పదిహేను రోజుల మనుమరాలు.

ఇప్పుడు మా మహిళా సంఘంల ఒక్కొక్కరికి పది ఇండ్లు పంచుకున్నం. ఫోన్ ఎత్తకపోతే పోయి తలుపు కొట్టాలె. బడి రెండో తాళం చెవి నా దగ్గర, మూడోది మా ఆశమ్మ దగ్గర. నడవలేనోళ్లు ఎవరెవరో, ఎవరింటి మంచం మీద మోసుకపోవాల్నో గోడ మీదనే రాసినం.

ఒర్రెగడ్డ_రైతు

అక్కా, ఇది మాకు తట్టనే లేదు. రేపే మా సంఘంల చెప్త.

చెయ్యేరు_పక్కన

సంఘం లీడర్ అక్క చెప్పిన పని ముందు చేయండి, మిగతావన్నీ తర్వాత. మాది రాజంపేట దగ్గర. 2021 నవంబర్ 19 తెల్లారి పైనున్న పింఛ ప్రాజెక్టు కట్ట తెగి, ఆ నీళ్లకు అన్నమయ్య డ్యాం కట్ట తెగి, పులపుత్తూరు, మందపల్లె, తొగురుపేట మీదికొచ్చినాయి. మాకు దొరికింది నిమిషాలే. ఆ నిమిషాల్లో ఎవరు ఎటు పోవాలో ముందే అనుకోని ఉన్న ఇండ్లోళ్లు గట్టు మీద తేలినారు. బంగారు వెతుక్కుంటా ఉన్నోళ్లు ఇండ్లలోనే ఉండిపోయినారు.

మిర్చి_కౌలు

మోటర్ సంగతి గూడ మాట్లాడుండ్రి. మోటర్ 30 వేలు, పైపులు, స్టార్టర్ వేరే. కౌలుకు చేసేటోనికి అది పోతే ఆ ఏడు పోయినట్టే. ప్రాణం ముఖ్యం అని ఊకె చెప్తరు, మాకు తెల్వక పోతమా?

డిపో_డ్రైవర్

నీ బాధ తెలుసు తమ్మీ, మా తమ్ముడు గట్లనే పోయి చెట్టు పట్టుకొని రాత్రంత ఉన్నడు. వాగు పొంగినంక కాదు, పై మత్తడి దూకుతున్నదని తెలిసిన నిమిషంల గుంజుకోండ్రి. మోటర్‌కు పొడుగు తాడు కట్టి ఒడ్డు మీది చెట్టుకు ముందే ముడెయ్యి. ఇద్దరు లేకుండ దిగకు.

రిటైర్డ్_ఏఈ

పొంగిన వాగు నీళ్లు మన నేలల్లో గంటకు 6, 7 కిలోమీటర్లు పోతాయనుకోండి. పై మత్తడి మీకు 9 కిలోమీటర్లు ఉంటే గంటంబావు, గంటన్నర చేతిలో ఉన్నట్టు. మోటర్ గుంజడానికి, పశువుల్ని వదలడానికి, ముసలోళ్లను మోయడానికి అది చాలుతుంది. కానీ ఫోన్ చేసే మనిషి ఉంటేనే.

పైఊరు_మత్తడి

ఒర్రెగడ్డ అన్నా, నువ్వు రాసిన ఆనవాళ్లు చూస్తే నేను మీ పై ఊరోన్ని. మా పెద్ద చెరువు మత్తడే మీ పెద్దొర్రెల పడేది. ఆ రాత్రి పన్నెండుకు మత్తడి మీద నడుము మందం నీళ్లు పోతున్నయి. కట్టకు బుంగ పడ్డదని ఇసుక సంచులు మోస్తున్నం, నలభై మందిమి. మీకు ఫోన్ చెయ్యాలె అని ఒక్కనికి గూడ మతికి రాలే. నీ బర్రెల సంగతి చదివినంక రెండు రోజులైంది, ఏం రాయాల్నో తెల్వక ఇప్పుడు రాస్తున్న. తప్పైంది.

ఒర్రెగడ్డ_రైతు

నువ్వు తప్పనకు అన్నా. మీ కట్ట మీరు కాపాడుకోకపోతే మా ఊరే ఉండకపోవు.

సంఘం_లీడర్

ఒర్రెగడ్డ తమ్మీ, ఒక్క మాట అడుగుత, ఏమనుకోకు. మీ కింద గూడ ఊరుంది గద. రెండున్నరకు లేచినంక మీరెవరన్న వాళ్లకు ఫోన్ చేసిన్రా?

ఒర్రెగడ్డ_రైతు · మర్నాడు

రాత్రంత ఇదే ఆలోచించిన. చెయ్యలే. మా కింద తండా ఉంది, నలభై గడపలు, మాకంటె పల్లంల. వాళ్లల్ల మా జీతగాడు ఉన్నడు, నెంబర్ నా ఫోన్లనే ఉంది. మూడు గంటలకు నేను చెట్టు కింద కూసొని బర్రెల కోసం ఏడుస్తున్న. నాలుగుకు వాళ్ల గుడిసెలు పోయినయి. మనుషులు గుట్ట ఎక్కి బతికిన్రు, వాళ్లంతట వాళ్లే. నాకు ఎవరూ చెప్పలేదని ఇక్కడ రాసిన, నేను చెప్పలేదని రాయలే.

ఇయ్యాల పొద్దున తండాకు పోయొచ్చిన. ఐదు నెంబర్లు రాసుకున్న.

నీరటి_మనవడు

గొలుసు మల్ల కడుదాం. నేను గూడ వస్త, మా బైక్ మీద గంట దారి.

సూటిగా_చెప్తా

నేను ఒక మాట వెనక్కి తీసుకుంటాను, ఒకటి తీసుకోను. మీరు చేస్తున్నది చెయ్యండి. కానీ వాగు ఒడ్డున ఇసుక తోడి కట్టలు బలహీనం చేసేవాళ్లనీ, వాగు దారిలో ప్లాట్లు కొట్టేవాళ్లనీ ఫోన్ కాల్ ఆపదు. గ్రామసభలో ఆ అర్జీ కూడా పెట్టండి. రాయడం నేను చేస్తాను, సంతకాలు మీరు చేయించండి.

మోరంచ_తీరం

ఇది సరైన మాట. రాయండన్నా.

ఇంజినీరింగ్_పోరడు

మెసేజ్‌ల గురించి చిన్న విషయం. వాతావరణ శాఖ భాషలో భారీ అంటే 24 గంటల్లో ఆరున్నర సెంటీమీటర్ల పైన, అతి భారీ అంటే 11.6 నుంచి, అత్యంత భారీ అంటే 20.4 దాటితే. ఆగస్టు తర్వాత "అత్యంత భారీ" అని కనిపించిన రాత్రి ఎవరూ నిద్రపోవద్దు. సచేత్ యాప్ పెట్టుకుంటే మీరున్న చోటికి వచ్చిన హెచ్చరికలు తెలుగులో చూపిస్తుంది. పక్క మండలాల్లో ఎంత పడిందో రాష్ట్ర ఆటోమేటిక్ కేంద్రాల లెక్కల్లో చూడొచ్చు. మీ మండలం కాదు, పై మండలం చూడండి. ఆపదొస్తే 112.

పైఊరు_మత్తడి · 2025 జులై 20

మత్తడి గోడకు మూడు గీతలు గీసినం. తెల్లది జానెడు, పచ్చది మోకాలు, ఎర్రది నడుము. రాత్రి టార్చి కొడితే కట్ట మీదికి కనపడుతున్నయి. వంతులు పెట్టుకున్నం, వాన రాత్రిళ్లు ఇద్దరిద్దరు. పచ్చ గీత తాకితే ఒర్రెగడ్డ అన్నకు, వాళ్ల సంఘం అక్కకు ఫోన్. ఎత్తకపోతే మల్ల ఇద్దరికి. టవర్ లేకపోతే కట్ట మీద నుంచి బైక్. గుడి మైకుకు బ్యాటరీ పెట్టినం.

ఒర్రెగడ్డ_రైతు

మా చప్టా కాడ గూడ గసొంటి గీతలే గీసి స్తంభం పాతినం. ఆస్టిన్ చెల్లె, ఫొటో పెట్టిన చూడు. కొట్టంల ప్రతి గుంజకు కొడవలి కట్టినం, చేతికందే ఎత్తుల. ముడి విప్పుడు లేదు, కోసుడే.

ఆస్టిన్_సుధ

చూశాను అన్నా. అంకెలు తెలుగులో రాశారు, ఎంత ముద్దుగా ఉన్నాయో. మొన్న జులై 4న ఇక్కడ గ్వాడలూప్ నది 45 నిమిషాల్లో 26 అడుగులు లేచింది, వంద మందికి పైగా పోయారు. ఆ వార్తలు చూస్తూ మీ గీతలే గుర్తొచ్చాయి.

పైఊరు_మత్తడి · 2025 అక్టోబర్ 29

మొంథా తుఫాను వాన తెల్లారి నుంచి తెరిపియ్యలే. తెల్ల గీత మునిగింది.

పైఊరు_మత్తడి

పచ్చది తాకింది. ఫోన్ చేసిన, ఎత్తిన్రు.

ఒర్రెగడ్డ_రైతు

మోటర్లు గుంజినం. పశువులు గుట్ట మీద. తండాకు చెప్పిన, వాళ్లు ముందే కదిలిన్రు. బడి తీసిన్రు.

కాల్వొడ్డు_బిడ్డ

డోర్నకల్ల పట్టాల మీద నీళ్లు, రైళ్లు ఆగినయట. జాగ్రత్త అన్నా, మీది అయినంక మా మున్నేరుకే వస్తది. మేం గూడ సర్దుకుంటున్నం.

సంఘం_లీడర్

అందరు ఉన్నరా?

ఒర్రెగడ్డ_రైతు · 2025 అక్టోబర్ 30

అందరం ఉన్నం. నిన్న రాత్రి చార్జింగ్ అయిపోయింది అక్కా. ఇంట్లకు నీళ్లొచ్చినయి, వడ్లు నానినయి, చానా పోయింది. మనుషులు, పశువులు ఒక్కటి పోలే. తండాల గూడ.

పొద్దున చప్టా కాడికి పోయి చూసినం. స్తంభం నిలబడ్డది. ఒండ్రు మరక ఎర్ర గీతకు మూరెడు పైన ఉంది, అక్కడ ఇంకో గీత పెట్టాలె. పెయింట్ డబ్బా ఆఖరుకు ఎవరింట్ల పెట్టినమో యాదికున్నోళ్లు చెప్పుండ్రి.